ఇంజనీరింగ్ కంపెనీలో ఖర్చు తగ్గించే ప్రతిపాదనను పరిశీలించడం ఎలా

ఖర్చు తగ్గించే ప్రతిపాదన మీ ముందుకు వచ్చినప్పుడు, ఈ త్రైమాసికంలో ఎంత మిగులుతుందో చూసే ముందు, అందులో పొరపాటుంటే అది ఎన్నేళ్లకు బయటపడుతుందో రాయించండి. మిగులు వెంటనే పద్దుల్లోకి ఎక్కుతుంది. నష్టం బయటపడేనాటికి సంతకం పెట్టినవారు చాలాసార్లు ఆ కుర్చీలో ఉండరు.

పనిని బయటికి ఇచ్చేటప్పుడు దానితోపాటు వెళ్లిపోయే నైపుణ్యాన్ని కూడా లెక్కగట్టండి. 737 విమానాల ఫ్యూజలేజ్‌లు (రెక్కలూ తోకా అమర్చే ప్రధాన గొట్టపు భాగాలు) తయారయ్యే, అమెరికాలోని విచిటా కర్మాగారాన్ని బోయింగ్ 2005లో అమ్మేసింది. ఆ కర్మాగారంతో ఏర్పడిన స్పిరిట్ ఏరోసిస్టమ్స్‌ను తిరిగి కొనడానికి 2024లో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. 737 నిలువు తోక భాగాలు మన హైదరాబాద్ శివారు ఆదిభట్లలోనూ తయారవుతున్నాయి కాబట్టి ఇది మనకు దూరపు సంగతి కాదు.

ఆ తర్వాత, ‘ఈ ఒక్క భాగం చెడిపోతే ఏమవుతుంది?’ అని డిజైన్ చేసినవారినే అడగండి, జవాబు పూర్తయ్యేదాకా వినండి. పైలట్లకు కొత్తగా సిమ్యులేటర్ శిక్షణ అక్కర్లేకుండా 737 మ్యాక్స్‌ను అమ్మాలన్నది బోయింగ్ పెట్టుకున్న లక్ష్యం. ముక్కును కిందికి దించే సాఫ్ట్‌వేర్, విమానానికి రెండు సెన్సర్లు ఉన్నా, ఒక్కదాని సంకేతం మీదే ఆధారపడింది. ఆ సెన్సర్ తప్పు సంకేతం ఇవ్వడంతో 2018 అక్టోబరులో ఇండోనేషియాలో, 2019 మార్చిలో ఇథియోపియాలో జరిగిన రెండు ప్రమాదాల్లో 346 మంది చనిపోయారు. ఈ సంఖ్యను ఏ పొదుపు లెక్క పక్కనా పెట్టలేము.

అన్నిటికన్నా ముఖ్యం, నివేదికలతో సరిపెట్టుకోకుండా మీరే షాప్ ఫ్లోర్‌కు, అంటే తయారీ జరిగే చోటికి, వెళ్లడం. 2024 జనవరి 5న పోర్ట్‌లాండ్ నుంచి బయలుదేరిన అలాస్కా ఎయిర్‌లైన్స్ 737 మ్యాక్స్ విమానంలో, వాడని తలుపు స్థానంలో బిగించే ప్యానెల్ గాలిలోనే ఊడిపోయింది. రివెట్లను సరిచేయడానికి బోయింగ్ రెంటన్ కర్మాగారంలో ఆ ప్యానెల్‌ను తెరిచారు. తిరిగి మూసినప్పుడు నాలుగు బోల్టులు బిగించలేదు, తెరిచినట్టు రికార్డూ లేదు. అందువల్ల మీ దగ్గర మధ్యలో విప్పి మళ్లీ బిగించిన పని ఒకటి ఎంచుకుని, ఎవరు విప్పారు, ఎవరు బిగించారు, ఎవరు తనిఖీ చేశారు అన్న మూడు సంతకాలూ అక్కడే నిలబడి చూడండి. ఒక్కటి లేకపోయినా పనివారిని మందలించకండి. వారికి ఆ రోజు ఎంత గడువు ఇచ్చారో తెలుసుకోండి.

చివరగా, డెలివరీ తేదీకి జవాబుదారీ అయిన అధికారి కిందే తనిఖీదారును ఉంచకండి, పనిని ఆపే అధికారాన్ని ఆ తనిఖీదారుకు రాతపూర్వకంగా ఇవ్వండి.