మొదటి బోరుకు ముందు స్కేలు, పెన్సిల్‌తో లోతు లెక్క

రిగ్ వచ్చే రోజు దగ్గరపడేకొద్దీ భూమిలో దాగిన అయస్కాంత గుణమున్న రాతి పట్టీని తాకేలా మొదటి బోరు ఎంత లోతుకు వేయాలన్నదే టెన్షన్. నేల మీద లైన్ వెంట అయస్కాంత బలాన్ని కొలిచి గీసిన మ్యాగ్నెటిక్ సర్వే గ్రాఫ్ ఉంటే సాఫ్ట్‌వేర్ లేకుండానే ఒక అంచనాకు రావచ్చు.

రాతి పట్టీ సాగిన దిశకు అడ్డంగా తీసిన లైన్ ఎంచుకోండి. గ్రాఫ్ అన్నిటికంటే నిటారుగా ఎక్కే చోట స్పర్శరేఖ గీయండి. దాని వాలులో సగం వాలున్న గీతను స్కేలుతో జరుపుతూ పోతే, ఆ ఎక్కుడు మొదట్లో ఒకచోట, చివర్లో ఒకచోట గ్రాఫ్‌ను ఆనుకుంటుంది. ఆ రెండు చోట్ల మధ్య అడ్డదూరాన్ని 1.6తో భాగించండి. 80 మీటర్లుంటే పట్టీ పైకొస లోతు సుమారు 50 మీటర్లు. ఇది కొలిచిన సెన్సర్ నుంచి లెక్క, నేల నుంచి దాని ఎత్తు తీసేయాలి. పట్టీ మరీ సన్నమైతే 1.2తో, మరీ వెడల్పైతే 2తో భాగిస్తారు.

గురి మాత్రం పైకొసకు పెట్టకండి, అంచనా కాస్త తప్పినా బోరు పైనుంచి దాటిపోతుంది. నేనైతే 75 మీటర్ల లోతుకు పెడతాను. పట్టీ నిటారుగా ఉంటే, 43 మీటర్లు పక్కకు జరిగి నేలకు 60 డిగ్రీల వాలులో వేసిన బోరు, దాని పొడవు వెంట 87 మీటర్ల దగ్గర పట్టీని తాకుతుంది.

పక్కపక్క పట్టీల గ్రాఫులు కలిసిపోయిన చోట, రీడింగులు దూరదూరంగా తీసిన చోట ఈ లెక్కను నమ్మొద్దు.