మృగశిర లోపే చూసుకోవాల్సినవి: నల్లా, సంపు, మ్యాన్‌హోల్

మృగశిర కార్తె జూన్ 8 దరిదాపుల్లో వస్తుంది. హైదరాబాద్‌లో ఉండేవాళ్లు సంపు కడిగించడం, పైపులు చూపించుకోవడం ఆలోపే ముగించాలి. ముసురు పట్టాక ప్లంబర్ దొరకడు, దొరికినా బురదలో లీకేజీ కనిపించదు.

మన నల్లాలు రోజంతా రావు. చాలా బస్తీలకు రోజు విడిచి రోజు, కాసేపే వదులుతారు. నీళ్లు వస్తున్నంతసేపు పైపులో ఒత్తిడి ఉంటుంది కాబట్టి చిల్లు ఉన్నా నీరు బయటికే కారుతుంది. సరఫరా ఆగి పైపు ఖాళీ అయ్యాక, చుట్టూ నేలలో నిలిచిన మురుగు అదే చిల్లులోంచి లోపలికి జారుతుంది. నల్లాకు నేరుగా మోటారు బిగించారనుకోండి, పక్కింటివాళ్ల వాటాతో పాటు ఆ మురుగునూ లాగేస్తుంది. వానాకాలంలోనైనా దయచేసి ఆ మోటారు తీసేయండి.

నీళ్లు వదలగానే సంపులోకి పోనివ్వకండి. ముందు ఓ గాజు గ్లాసులో పట్టి రంగు చూడండి, వాసన చూడండి. తేడాగా ఉంటే సంపు వాల్వు కట్టేసి, జలమండలి (నగర నీటి సరఫరా, మురుగు బోర్డు) నంబరు 155313కు ఫోన్ చేసి బిల్లు మీదున్న క్యాన్ నంబరు (మీ కనెక్షన్ ఖాతా నంబరు) చెప్పండి. పక్కిళ్లలో కూడా అలాగే వస్తున్నాయేమో అడిగి అదీ చెబితే లీకేజీ ఎక్కడుందో వెతకడం వాళ్లకు తేలికవుతుంది. తాగే నీళ్లు తెర్లేదాకా కాచి చల్లార్చాలి. క్లోరిన్ బిళ్లలు వాడేవాళ్లు మడత గుడ్డలో వడగట్టి తేర్చాకే వేయాలి, బురద నీళ్లలో అవి సరిగా పనిచేయవు. వేశాక అరగంట ఆగి తాగాలి.

సంపు మూత నేలకు సమానంగా ఉంటే చుట్టూ జానెడు ఎత్తు గట్టు కట్టించండి. 2020 అక్టోబరు 13 నాటి వానకు సెల్లార్లు మునిగిన కాలనీలవాళ్లకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు. డాబా మీది వాన నీళ్ల పైపు డ్రైనేజీలో కలిసి ఉంటే విడదీసి ఇంకుడు గుంతకు మళ్లించండి.

ఇక మ్యాన్‌హోల్. వీధిలో నీళ్లు నిలవగానే ఎవరో ఒకరు గడ్డపారతో మూత లేపుతారు. మంచి చేస్తున్నాననే అనుకుంటారు పాపం. కానీ డ్రైనేజీ లైన్ ఇళ్ల మురుగుకు వేసింది, వరదకు కాదు. తెరిచిన నోట్లోంచి మట్టి, కవర్లు, కొబ్బరి బోండాలు అన్నీ దిగి పూడిక పడుతుంది. మీ వీధి ఆరేలోపు దిగువ బస్తీలో ఇంకో మూత పొంగుతుంది. మోకాళ్ల లోతు నీళ్ల కింద తెరిచిన గుంత ఎవరికీ కనిపించదు. బడి నుంచి వచ్చే పిల్లలు నడిచేది అక్కడే. మూత తెరవడం చట్టప్రకారం నేరం కూడా.

జామ్ అయిందని డబ్బులిచ్చి మనిషిని మాత్రం అందులోకి దింపకండి. లోపల హైడ్రోజన్ సల్ఫైడ్ ఉంటుంది. మొదట కుళ్లిన గుడ్ల వాసన వేస్తుంది, గాఢత పెరిగితే ముక్కుకు ఆ వాసన కూడా తెలియదు. వాసన పోయింది కదా అని దిగినవాడు కుప్పకూలుతాడు, కాపాడబోయినవాడూ పడిపోతాడు. ఒక్క గుంతలో ఇద్దరు ముగ్గురు పోవడానికి కారణం ఇదే. మనుషులతో మురుగు ఎత్తించడాన్ని ఆపడానికి వచ్చిన 2013 చట్టం ఈ పనిని నిషేధించింది. మురుగు కాల్వల్లో చనిపోయినవారి కుటుంబాలకు 30 లక్షల పరిహారం ఇవ్వాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ డబ్బు తీసుకోవాల్సిన ఇల్లాలు మీ వీధి వల్ల ఒక్కరు కూడా ఉండకూడదు. సెప్టిక్ ట్యాంకుకూ ఇదే మాట: 14420కు ఫోన్ చేసి మెషిన్ పిలిపించండి.

పగిలిన మూత కనిపిస్తే పొడవాటి కట్టెకు ఎర్రగుడ్డ కట్టి అక్కడ నిలిపి, 155313కు ఫోన్ చేసి, సిబ్బంది వచ్చేదాకా ఎవరో ఒకరు దగ్గరే ఉండండి. చీకటి పడితే టార్చి పట్టుకుని ఉండండి.