ఫెర్రెట్లకు ఇంట్లోనే ఎండు మాంసం ముక్కలు: ఉప్పు వద్దు, ఎండ వద్దు

ముంగిసలా సన్నగా పొడుగ్గా ఉండే పెంపుడు జంతువు ఫెర్రెట్, దానికి ట్రీట్ అంటే మాంసమే, ఇంకేమీ కాదు. ఈ ఒక్కటీ ముందే తేల్చేసుకుంటే మిగతా పనంతా సులువు. బెంగళూరులో పెట్ షాపుకి వెళ్లి ఫెర్రెట్‌కి ఏమైనా ఉందా అని అడిగితే చాలాసార్లు పిల్లుల బిస్కెట్లో, కుక్కలు నమిలే స్టిక్కులో చేతిలో పెడతారు. ఆ ప్యాకెట్ వెనక్కి తిప్పి చదవండి, గోధుమపిండి, మొక్కజొన్న, చక్కెర లాంటివి కనబడితే అక్కడే వదిలేసి రండి. ఫెర్రెట్ పేగు చాలా పొట్టిది, తిన్నది మూడు నాలుగు గంటల్లో బయటికి వచ్చేస్తుంది, పిండీ పీచూ అరగడానికి దానికి వీలే ఉండదు. పైగా వయసు పైబడిన ఫెర్రెట్లకి క్లోమంలో ఇన్సులినోమా అనే గడ్డలు రావడం చాలా మామూలు, అవి వస్తే ఇన్సులిన్ ఎక్కువై రక్తంలో షుగర్ ఉన్నట్టుండి పడిపోతుంది, తీపి తింటే ఆ గడ్డలు ఇంకా ఇన్సులిన్ వదిలి షుగర్‌ని మరింత పడేస్తాయి. కాబట్టి ఎండు ద్రాక్ష, అరటిపండు ముక్క లాంటివి ఎంత ఇష్టంగా తిన్నా సరే పెట్టకండి.

ఇంట్లో చేద్దాం అనుకోగానే మన వాళ్లకి ముందు గుర్తొచ్చేవి ఒట్టి తునకలు. అనంతపురం, కర్నూలు వైపు నుంచి వచ్చి మారతహళ్లిలోనో కేఆర్ పురంలోనో ఉంటున్న వాళ్లకి ఊరి నుంచి డబ్బాలో వస్తూనే ఉంటాయి, "దానికీ రెండు తునకలు పడేయమ్మా" అని పెద్దవాళ్లు ప్రేమగానే అంటారు. దయచేసి పెట్టకండి. అందులో ఉప్పు ఎక్కువ, కారం ఉంటుంది, కొందరు వెల్లుల్లి కూడా నూరి పట్టిస్తారు. ఉల్లి, వెల్లుల్లి ఏ రూపంలో ఉన్నా ఫెర్రెట్ ఎర్ర రక్తకణాలని దెబ్బతీస్తాయి. సరే, ఉప్పూ కారం మానేసి ఉత్త మాంసమే ఎండబెడదామా అంటే అది ఇంకా ప్రమాదం. దండెం మీద తునకలు పాడవకుండా కాపాడేది ఎండ ఒక్కటే కాదు, ఆ ఉప్పు కూడా. మనమైతే వాటిని మళ్లీ ఉడికించుకునే తింటాం, ఫెర్రెట్ నేరుగా నమిలేస్తుంది. ఉప్పు లేని మాంసం బాల్కనీలో గంటల తరబడి గోరువెచ్చగా ఉంటే సాల్మొనెల్లా లాంటి బ్యాక్టీరియాకి అంతకన్నా కావలసిందేముంది? జూన్ నుంచి అక్టోబర్ దాకా బెంగళూరు గాలిలో తేమ సంగతి తెలిసిందే, చెన్నైలో అయితే ఏడాది పొడుగునా అదే పరిస్థితి.

అందుకని పద్ధతి ఇది: ముందు మాంసాన్ని ఆవిరి మీద పూర్తిగా ఉడికించాలి, తర్వాత ఓవెన్‌లో నిలకడైన వేడి మీద ఆరబెట్టాలి.

మాంసం దగ్గరికి వస్తే చికెన్ బ్రెస్ట్ అన్నిటికన్నా తేలిక, కొవ్వు తక్కువ కాబట్టి బాగా ఎండుతుంది, నిలవ ఉంటుంది. కానీ నా ఓటు చికెన్ గుండెకాయలకి. ఫెర్రెట్‌కి తప్పనిసరిగా కావలసిన టారిన్ అనే పోషకం వాటిలో బాగా ఉంటుంది. శివాజీనగర్ రస్సెల్ మార్కెట్‌లోనో మీ వీధి చివరి చికెన్ షాపులోనో పొద్దున్నే వెళ్లి అడిగితే విడిగా తీసిపెడతారు, లేదంటే లివర్‌తో కలిపి ఇస్తారు, ఇంటికొచ్చి ఏరుకోవాలి. కందనకాయ కూడా మంచిదే, కాకపోతే ఎండాక బాగా గట్టిపడుతుంది, అందుకే మరీ సన్నగా కోయాలి. లివర్ అంటే ఫెర్రెట్లు పడి చస్తాయి, అయినా అది అప్పుడప్పుడూ చిన్న ముక్కే, అందులోని విటమిన్ ఏ ఎక్కువైతే ఒంట్లో పేరుకుపోతుంది. చర్మం, కొవ్వు పూర్తిగా తీసేయండి, కొవ్వు ఆరదు, కొన్ని రోజులకే ముక్క వాసన వస్తుంది. ఎముక ఉన్న ముక్కలు అసలు వద్దు, ఉడికి ఎండిన ఎముక సూదుల్లా చీలి పేగులో గుచ్చుకుంటుంది.

మాంసాన్ని గంట, గంటన్నర ఫ్రీజర్‌లో పెట్టండి. పూర్తిగా గడ్డకట్టకుండా కాస్త బిగిస్తే కత్తి జారదు, ముక్కలు ఒకే మందంలో వస్తాయి. 3 మిల్లీమీటర్లు చాలు. నారకి అడ్డంగా కోయండి, అప్పుడు ఎండిన ముక్క సులువుగా విరుగుతుంది. నిలువుగా కోస్తే పీచులాగా సాగుతుంది, దాన్ని గబుక్కున మింగేసే అలవాటున్న ఫెర్రెట్ గొంతులో అడ్డం పడుతుంది. గుండెకాయలని నిలువునా చీల్చి లోపలి రక్తం గడ్డలు కడిగేసి, ఒక్కోదాన్ని నాలుగు ముక్కలు చేయండి.

ఉడికించడానికి ఇడ్లీ పాత్ర బ్రహ్మాండంగా పనికొస్తుంది. ప్లేట్లలో ముక్కలు ఒకదాని మీద ఒకటి పడకుండా పరిచి, ఆవిరి బాగా వచ్చాక పది నిమిషాలు ఉంచితే చాలు. వంటింటి థర్మామీటర్ ఉంటే అన్నిటికన్నా మందంగా ఉన్న ముక్కలో గుచ్చి చూడండి, కోడిమాంసం లోపల 74 డిగ్రీలు చేరాలి. నీళ్లలో వేసి ఉడికించొద్దు, టారిన్ నీళ్లలోకి దిగిపోతుంది. ప్లేట్ల గుంటల్లో చేరిన రసాన్ని మాత్రం పారబోయకుండా చల్లార్చి ఫెర్రెట్ల కిబుల్ (ప్యాకెట్‌లో వచ్చే ఎండు తిండి గుళికలు) మీద పోయండి, గిన్నె నాకి పెడతాయి.

తర్వాత ముక్కలని పొడి గుడ్డతో అద్ది, ఓటీజీ (చిన్న కరెంటు ఓవెన్) జాలీ మీద ఎడం ఎడంగా పరిచి 60 నుంచి 70 డిగ్రీల మధ్య పెట్టండి. మీ ఓటీజీలో వేడి అంతకు దిగకపోతే తలుపు సందులో చెక్క గరిటె పెట్టి కొంచెం తెరిచి ఉంచండి, వేడి తగ్గుతుంది, తేమ కూడా బయటికి పోతుంది. డీహైడ్రేటర్, అంటే తిండి పదార్థాలు ఆరబెట్టే యంత్రం, ఉన్నవాళ్లకి ఈ తిప్పలుండవు. ఎయిర్ ఫ్రయర్‌లో డీహైడ్రేట్ మోడ్ ఉంటే అదీ సరే, అయితే ముక్కలు తేలికయ్యే కొద్దీ ఫ్యాన్ గాలికి ఎగురుతాయి, పైన ఒక జాలీ బోర్లించాలి. సన్నటి ముక్కలకి నాలుగు నుంచి ఆరు గంటలు పడుతుంది, మధ్యలో ఒకసారి తిప్పండి. తొందరపడి వేడి పెంచకండి. పైన పెంకు కట్టేసి లోపల తడి అలాగే ఉండిపోతుంది, అలాంటి ముక్కే డబ్బాలో బూజు పడుతుంది.

అయిందో లేదో తెలియాలంటే ఒక ముక్క తీసి పూర్తిగా చల్లారనివ్వండి, వేడి మీద అన్నీ మెత్తగానే ఉంటాయి. చల్లారాక రెండు వేళ్లతో వంచితే టక్కున విరగాలి, విరిగిన చోట పొడి పొడిగా ఉండాలి. వంగి ఊరుకుంటే, లేదా విరిగిన చోట నొక్కితే వేలికి చెమ్మ తగిలితే ఇంకో గంట. కిలో బ్రెస్ట్ పెడితే చివరికి పావు కిలో, కొంచెం అటూ ఇటూగా మిగులుతుంది, ఎక్కడో తప్పు జరిగిందని కంగారు పడకండి, పచ్చి మాంసంలో ముప్పావు వంతు నీళ్లే.

గాజు సీసాలో సగానికి పైగా నింపి మూత పెట్టి, మర్నాడు లోపలి గోడల మీద చెమ్మ కనబడుతుందేమో చూడండి. కనబడితే మళ్లీ ఓవెన్‌లోకి. ఉప్పు లేదు కాబట్టి బయట ఉంచొద్దు, రెండు వారాలకి సరిపడా ఫ్రిజ్‌లో, మిగతాది ఫ్రీజర్‌లో పెట్టండి. మూత తీసిన ప్రతిసారీ వాసన చూడండి, జిగురుగా అనిపించినా, ముక్కిపోయిన వాసన వచ్చినా మొత్తం పారేయండి.

పెట్టేటప్పుడు చిటికెన వేలి గోరంత ముక్కలుగా తుంచండి. ఆడ ఫెర్రెట్ కిలో కూడా తూగదు, మన కంటికి చిన్నదిగా కనబడే ముక్క దానికి పెద్దదే. రోజుకి రెండు మూడు చాలు, పక్కన నీళ్ల గిన్నె నిండుగా ఉండాలి. పళ్లు ఊడిన ముసలి ఫెర్రెట్లకి గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి ఇవ్వండి. కొన్ని మొదట్లో అసలు ముట్టుకోవు, దానికి బాధపడొద్దు. పిల్లగా ఉన్నప్పుడు ఏ వాసన అలవాటైతే అదే తిండి అనుకుంటాయి, కొత్తది తిండే అని తెలియదు. ఒక ముక్కని పొడి చేసి కిబుల్ మీద కొన్ని రోజులు చల్లుతూ ఉంటే మెల్లగా దారికొస్తాయి.

ఇంకోటి, ఇచ్చిన ముక్కని అక్కడే తినకుండా సోఫా కిందికో బీరువా వెనక్కో లాక్కెళ్లి దాచేస్తాయి. అది వాటి స్వభావం, కోప్పడి లాభం లేదు. వారానికి ఒకసారి ఆ చోట్లన్నీ వెతికి తీసేయాలి, లేకపోతే ముక్క తేమ పీల్చుకుని పాడవుతుంది, చీమల బారు ఎలాగూ వస్తుంది.

తిన్నాక మూతిని కాళ్లతో గోక్కుంటుంటే ముందు నోరు తెరిచి చూడండి, అంగిట్లో ముక్క అతుక్కుని ఉండొచ్చు. వాంతులు, తారులాంటి నల్లటి విరేచనం, పూట మొత్తం తిండి ముట్టకపోవడం, కాళ్లు తడబడటం వీటిలో ఏది కనబడినా రేపు చూద్దాంలే అనుకోకండి, ఫెర్రెట్లని చూసే అనుభవం ఉన్న వెట్ దగ్గరికి వెంటనే తీసుకెళ్లండి. ఆ డాక్టర్ నంబర్ ముందుగానే కనుక్కుని ఫోన్లో పెట్టుకోండి, ఎందుకంటే కుక్కలూ పిల్లులూ చూసే క్లినిక్కులు వీధికొకటి ఉన్నా ఫెర్రెట్‌ని చూసేవాళ్లు తక్కువ.