ప్రాజెక్ట్ బొమ్మలు చేసే ముందు: ఆటమ్స్ సెలెక్ట్ చేయడంలో జాగ్రత్తలు

ఎం.ఎస్సీ. ప్రాజెక్ట్ రిపోర్టుల సీజన్‌లో, ప్రొటీన్ల వంటి అణువుల 3డీ బొమ్మలు గీసే పైమోల్ సాఫ్ట్‌వేర్ ముందు తెల్లవార్లూ కూర్చునేవాళ్లకు ఇది రాస్తున్నాను. సెలెక్షన్ తప్పితే సాఫ్ట్‌వేర్ ఎర్రర్ ఇవ్వదు. బొమ్మ చక్కగానే వస్తుంది, దూరం కొలిస్తే ఏదో ఒక అంకె చూపిస్తుంది. నాకు భయం అక్కడే.

హిమోగ్లోబిన్ తీసుకోండి, ప్రొటీన్ నిర్మాణాలు దాచే పీడీబీ అనే డేటాబేస్‌లో దాని కోడ్ 4హెచ్‌హెచ్‌బీ. ఏ, సీ ఆల్ఫా చెయిన్లు. బీ, డీ బీటా చెయిన్లు. ఆల్ఫాలో హీమ్ ఇనుముతో బంధం ఉన్న హిస్టిడిన్ అనే అమైనో ఆమ్లం నంబరు 87. చెయిన్ చెప్పకుండా 'రెసి 87' (87వ నంబరు అమైనో ఆమ్లం) అని కొడితే నాలుగు చెయిన్లలోని 87లూ వచ్చేస్తాయి. బీటాలో 87 థ్రియోనిన్. అక్కడ ఇనుమును పట్టుకున్న హిస్టిడిన్ 92. కమాండ్ కొట్టగానే ఎన్ని ఆటమ్స్ దొరికాయో ఒక లైన్ వస్తుంది, దాన్ని తప్పకుండా చదవండి. హైడ్రోజన్లు లేని ఒక్క హిస్టిడిన్‌కి 10 ఉండాలి. 34 కనిపిస్తే రెండు హిస్టిడిన్లు, రెండు థ్రియోనిన్లు కలిసిపోయాయన్నమాట.

'ఏ, బీ చెయిన్లు రెండూ కావాలి' అనుకుని మధ్యలో 'అండ్' పెడతాం. ఒకే ఆటమ్ రెండు చెయిన్లలో ఉండదు కాబట్టి సున్నా వస్తుంది. అక్కడ 'ఆర్' వాడాలి.

ఇంకా మోసం చేసేది 'సీఏ'. ఆల్ఫా కార్బన్ పేరూ సీఏనే, కాల్షియం అయాన్ పేరూ సీఏనే. కాల్మోడ్యులిన్ అనే ప్రొటీన్‌లో (పీడీబీ కోడ్ 1సీఎల్ఎల్) 'నేమ్ సీఏ' అని ఊరుకుంటే నాలుగు కాల్షియంలు కూడా గుంపులో చేరతాయి. 'అండ్ పాలిమర్' (అంటే ప్రొటీన్ చెయిన్లలోవి మాత్రమే) జోడిస్తే అవి తప్పుకుంటాయి.

పైమోల్‌లో మౌస్‌తో క్లిక్ చేసి ఎంచుకున్నవి 'సెలె' అనే పేరులోకి వెళ్తాయి. తర్వాత ఇంకోచోట ఎంచుకుంటే అదే పేరులో ఉన్నది మారిపోతుంది. ఒక రాత్రంతా ఏరుకున్న బైండింగ్ సైట్ నాకు అలాగే పోయింది. అందుకే ఎంచుకున్న వెంటనే వేరే పేరు పెట్టేయండి.

వీఎండీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్‌లో సిమ్యులేషన్ (అణువుల కదలికలు ఫ్రేమ్ తర్వాత ఫ్రేమ్‌గా) చూసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. ప్రొటీన్‌కి 5 ఆంగ్‌స్ట్రామ్‌ల లోపలి నీళ్లు అని అడిగితే, ఆ ఫ్రేమ్‌లో దగ్గరున్న నీళ్లనే పట్టుకుంటుంది. ఫ్రేములు కదిలాక అవి ఎక్కడికో కొట్టుకుపోతాయి, మనం మాత్రం అవే దగ్గరున్నాయనుకుని లెక్క పెడుతుంటాం. ట్రాజెక్టరీ ట్యాబ్‌లో ప్రతి ఫ్రేమ్‌కీ సెలెక్షన్ అప్‌డేట్ అయ్యే ఆప్షన్‌కి టిక్ పెట్టండి. స్క్రిప్ట్‌లో అయితే ఫ్రేమ్ మార్చాక అప్‌డేట్ రాయండి. అన్నట్టు, వీఎండీలో ఆటమ్స్‌ను నంబరుతో ఎంచుకుంటే 'ఇండెక్స్' 0 నుంచి, 'సీరియల్' 1 నుంచి మొదలవుతాయి.

పైమోల్‌లో ఆటమ్స్‌ను తీసేసే 'రిమూవ్' కొట్టే ముందు 'క్రియేట్'తో కాపీ తీసుకుని, సెషన్‌ను కొత్త పేరుతో సేవ్ చేయండి. సెలెక్షన్ కమాండ్లన్నీ ఒక టెక్స్ట్ ఫైల్‌లో ఉంచుకోండి. వైవాలో 'ఈ ఆటమ్స్ ఎలా ఎంచుకున్నావమ్మా?' అని అడిగితే ఆ ఫైల్ తెరిచి చూపించవచ్చు.