పాత స్టీలు కట్టెల పొయ్యి కొనేముందు ఫోన్ టార్చి పరీక్ష

ఒడిశాలోని కోరాపుట్, పొట్టంగి వైపు చలి ముదిరిందంటే గది వేడెక్కించే పాత పొయ్యిలకు గిరాకీ వచ్చేస్తుంది. బేరం మొదలుపెట్టే ముందు పై రంగు చూసి మురిసిపోకండి. నల్లరంగు కొట్టి తుప్పు కప్పేయడం మామూలే.

ఫోన్ టార్చి వెలిగించి లోపల పెట్టండి. తలుపు మూసి, చీకట్లో చుట్టూ చూడండి. వెల్డింగ్ అతుకుల్లోంచి సన్నటి గీతలా వెలుతురు కనిపిస్తే ఆ సందుల్లోంచి గాలి లాగేసి మంట మన అదుపులో ఉండదు. నేనైతే అలాంటిది ఊరికే ఇచ్చినా తీసుకోను. తలుపు అంచున మాత్రమే కనిపిస్తే టెన్షన్ అక్కర్లేదు, అక్కడ సందు మూసే తాడు మార్చుకోవచ్చు. కాకపోతే మరీ పాతదైతే అది ఆస్బెస్టాస్ తాడు కావచ్చు, ఆ దుమ్ము ఊపిరితిత్తులకు ప్రమాదం, గీకి లేపకండి.

తర్వాత అడుగునా వెనకా సుత్తితో మెల్లగా తట్టండి. ఖంగుమనాలి. మొద్దుగా మోగి తుప్పు పెచ్చులు రాలితే రేకు పల్చబడినట్టే. మంట నేరుగా గొట్టంలోకి పోకుండా లోపల పైన ఉండే అడ్డు పలక వంగినా ఫర్వాలేదు, విడిగా ఊడి వచ్చేదైతే కొత్తది కోయించుకోవచ్చు.

పొగగొట్టానికి జీఐ పైపు (జింకు పూత వేసిన ఇనుప గొట్టం) వద్దు, బాగా వేడెక్కితే ఆ పూత విషపు పొగ వదులుతుంది. మొదటిసారి ఆరుబయటే రాజేయండి, రంగు కంపు అక్కడే పోతుంది. ఇంట్లో బిగించాక రాత్రిళ్లు కిటికీ కాస్త తెరిచే ఉంచండి.