పెరటి కోడిని బెదరగొట్టకుండా కోయడం

కోడి బాధంతా కత్తి దగ్గరే అనుకుంటాం. కత్తి పని సరిగ్గా జరిగితే అర నిమిషం లోపే దానికి స్పృహ పోతుంది. అసలు హింసంతా అంతకు ముందు జరిగేదే. పెరడంతా తరిమి తరిమి పట్టుకోవడం, కాళ్ళు కట్టి తలకిందులుగా సైకిలు హ్యాండిలుకి వేలాడదీయడం, ఎండలో పడేసి "ఏదే ఆ కత్తి?" అని ఇల్లంతా వెతకడం. అందుకే మా ఇంట్లో ఈ పని ముందురోజు సాయంత్రమే మొదలవుతుంది.

ముందు ఏ కోడిని కోయాలో చూసుకోండి. నా దగ్గర కొన్ని నాటువి, కొన్ని వనరాజాలు. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ళ పరిశోధన సంస్థ పెరట్లో పెంచుకునేవాళ్ళ కోసమే తయారుచేసిన రకం వనరాజా, నాటుకోడి కన్నా త్వరగా ఒళ్ళు చేస్తుంది. నాటు పుంజయితే ఐదారు నెలలప్పుడు ముక్క మెత్తగా ఉంటుంది. ఏడాది దాటిందంటే పులుసు రుచే గానీ కుక్కరు ఎన్ని విజిల్స్ వేసినా పంటికి పని తప్పదు. గుడ్లు పెట్టే పెట్టని, పొదుగుతున్న పెట్టని నేను ముట్టుకోను.

జబ్బు కోడిని మాత్రం "ఎలాగూ చచ్చేదేగా, ఈలోపు కోసేద్దాం" అనుకోకండి. రెక్కలు వాల్చి మునగదీసుకుని కూర్చున్నా, ముక్కు కారుతున్నా, పచ్చగా విరేచనం అవుతున్నా దాన్ని వేరే పెట్టి పశువుల డాక్టరుకి కబురు చెయ్యండి. అది కొక్కెర తెగులు కావచ్చు, ఇంకోటి కావచ్చు. 2025 ఫిబ్రవరిలో మన గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ వచ్చింది గుర్తుందిగా. అలాంటి కోడిని కోస్తే మొదట ముప్పు కోసినవాళ్ళకే. మందులు వాడిన కోడినైతే డాక్టరు చెప్పిన గడువు దాటాకే కోయాలి.

సాయంత్రం కోళ్ళు గూట్లో చేరి చీకటి పడ్డాక వెళ్ళండి. చీకట్లో కోడికి చూపు ఆనదు, కదలకుండా ఉంటుంది. రెండు చేతులతో రెక్కల మీదుగా ఒళ్ళంతా పొదివి పట్టుకుంటే చప్పుడు కూడా చెయ్యదు. చంకలో పెట్టుకుని తీసుకొచ్చి గంప కింద మూసి, పైన గోనెపట్టా కప్పండి. మేత వద్దు, మంచినీళ్ళు మాత్రం ఉండాలి. ఎనిమిది నుంచి పన్నెండు గంటలు అలా ఉంచితే మెడ దగ్గరి తిండి సంచీ, పేగులూ ఖాళీ అవుతాయి, కడిగేటప్పుడు మాంసానికి మురికి అంటదు. అంతకు మించి ఆకలితో ఉంచడం అన్యాయం.

రాత్రే కత్తి సంగతి చూసుకోవాలి. కత్తిపీట ముక్కలు కొట్టడానికే, మెడకి చిన్న చేకత్తి కావాలి. సాన పట్టించండి. న్యూస్‌పేపరు గాల్లో పట్టుకుని అంచు మీద కత్తి లాగితే చిరగకుండా తెగాలి. మొద్దుకత్తితో కోస్తే రంపంలా నాలుగుసార్లు లాగాలి, ఆ నాలుగుసార్లూ కోడికి తెలుస్తుంది. మా పక్కింటి సాయిబు బాబాయిని హలాల్ చెయ్యడానికి పిలిస్తే, కోడిని చూడకముందే "కత్తేదమ్మా, ముందు అది చూపించు" అంటాడు. "నిన్ననే సాన పట్టించాను బాబాయ్" అన్నా గోటి మీద ఆనించి చూసుకోందే ఒప్పుకోడు. కోడి ఎదురుగా కత్తి నూరనివ్వడు కూడా. ఆ పట్టింపు నాకూ అంటుకుంది.

తర్వాత కావలసింది కోడిని కదలనివ్వని ఒక గరాటు. ఐదు లీటర్ల నూనె డబ్బా అడుగు కోసేసి, మూతి వైపు తల పట్టేంత పెద్దది చేసి, వేపచెట్టుకి గుండె ఎత్తున మేకులు కొట్టాను. పెద్ద పుంజుకి ఇంకా పెద్ద డబ్బా వెతుక్కోవాలి. తల కిందికి వచ్చేలా కోడిని అందులోకి దించితే రెక్కలు ఒంటికి అదిమినట్టుంటాయి. కొట్టుకుని రెక్క విరగడం, మాంసం కమలడం ఉండదు. కాళ్ళు పట్టి వేలాడదీసినప్పటి గింజులాట ఇందులో కనపడదు. మిగతా కోళ్ళకి కనపడని మూల చూసుకోండి. ఒకటి బెదిరి కేక పెట్టిందంటే పెరడంతా గోలే. పొయ్యి మీద నీళ్ళు, నెత్తురుకి బకెట్టు, పసుపు, కత్తి అన్నీ దగ్గర పెట్టుకున్నాకే గంప ఎత్తండి.

ఎడమచేత్తో తల పట్టుకుని మెడని కాస్త కిందికి లాగి పెట్టండి. దవడ ఎముకకి సరిగ్గా వెనక, చెవి కింద, మెడకి రెండు పక్కలా పెద్ద రక్తనాళాలుంటాయి. అక్కడి ఈకలు తప్పించి, గట్టిగా ఒక్క లాగు ఒక పక్క, వెంటనే రెండో పక్క. రెండూ తెగాలి, ఒకటే తెగితే స్పృహ పోవడానికి ఎక్కువసేపు పడుతుంది. హలాల్‌లో గొంతూ, ఆహారనాళమూ, రక్తనాళాలూ ఒకేసారి తెగుతాయి, తల మాత్రం వేరు చెయ్యరు. జట్కాలో ఒక్క వేటుకి తల తెగిపోతుంది. ఎవరి ఆచారం వాళ్ళది, నేను అడిగేది కత్తి పదును ఒక్కటే.

తల వదలకండి. కాసేపటికి కోడి ఒక్కసారిగా గట్టిగా కొట్టుకుంటుంది. కొత్తవాళ్ళు అక్కడే భయపడి చెయ్యి తీసేస్తారు. అప్పటికి దానికి తెలివి లేదు, ఆ కొట్టుకోవడం నరాలది. రెండు మూడు నిమిషాలు ఆగి కంటిమీద వేలు ఆనించి చూడండి. రెప్ప కదలకూడదు, ఊపిరి ఆడకూడదు. అప్పటిదాకా వేడినీళ్ళ జోలికి పోవద్దు. కొన్ని కొట్లలో ఇంకా కదులుతున్న కోడిని డ్రమ్ములో పడేస్తారు చూడండి, ఇంట్లో పెంచుకుని కోసుకునేది ఆ పని చెయ్యకూడదనే.

ఇక మిగిలింది వంటింటి పనే. సలసలా కాగిన నీళ్ళూ చన్నీళ్ళూ సగం సగం కలిపితే అరవై డిగ్రీల పైచిలుకు వేడి ఉంటుంది, అది చాలు. కాళ్ళు పట్టుకుని నిమిషంపాటు ముంచి తేలుస్తూ, రెక్క పెద్ద ఈక లాగి చూడండి. సులువుగా ఊడిందంటే తీసెయ్యండి. మరుగునీళ్ళలో ముంచితే ఈకతో పాటు తోలూ వచ్చేస్తుంది. నూగు పోవడానికి ఎండుకొబ్బరి మట్టల మంట మీద తిప్పుతూ కాల్చి, పసుపు రుద్ది కడగండి. గ్యాసు పొయ్యి మీదా కాలుతుంది గానీ ఆ వాసన రాదు.

మెడ దగ్గర తిండి సంచి వదులు చేసి, ముడ్డి చుట్టూ పేగు తెగకుండా కోసి, లోపల చెయ్యి పెట్టి అన్నీ కలిపి లాగండి. కార్జానికి అంటుకుని ఆకుపచ్చగా ఉండే చేదు సంచి చితికితే కూరంతా చేదే, దాన్ని పక్కనున్న కార్జం ముక్కతో సహా కోసి పారెయ్యండి. కందనకాయ చీల్చి, ఇసుక కడిగి, లోపలి పసుపు పొర ఒలవండి. తోక మీది నూనె గ్రంథి తీసెయ్యండి.

వండితే వెంటనే వండండి, లేదా ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచి మర్నాడు వండండి. మధ్యలో కండ బిగుసుకుని ఉన్న గంటల్లో వండితే లేత కోడైనా సాగుతుంది. ఈకలూ పేగులూ నేను నిమ్మచెట్టు పక్కన మోకాలి లోతు గొయ్యిలో కప్పెడతాను, పైన ఒక రాయి పెడతాను. లేకపోతే వీధికుక్కలు ఆ రాత్రికే తవ్వి పోసేస్తాయి.