అమ్మకానికి పెట్టిన మండువా ఇల్లు, గోడ వెంట బంతి మొక్కలు: సమస్య - పరిష్కారం

కోనసీమలోనూ, గోదావరి పాయ వశిష్ట దాటాక నరసాపురం, పాలకొల్లు వైపూ పాత మండువా ఇళ్లను, అంటే నడుమ ఆకాశానికి తెరిచిన వాకిలి ఉన్న పెంకుటిళ్లను, బాగుచేయించి అమ్మకానికి పెడుతున్నారు. వైరింగు మార్చి, స్నానాల గది లోపలే కట్టి, గోడలకు రంగులు వేయించి, దసరా నాటికి కొనేవాళ్లు వస్తారని వాకిట్లో పూలమొక్కలు కూడా నాటిస్తున్నారు. సరిగ్గా ఆ రోజుల్లోనే పాత జబ్బులు పైకి తేలతాయి. వేసవిలో చూసిన ఇల్లు వేరు, ఆశ్వయుజంలో చూసిన ఇల్లు వేరు. జూన్‌లో ధవళేశ్వరం నుంచి కాలువలకు నీళ్లు వదిలాక చేలు నిండుతాయి, నూతుల్లో నీళ్లు పైకి వస్తాయి, ఆపైన వానలు. అందుకే డెల్టాలో గోడ పాడైనా, మొక్క పాడైనా ముందు చూడవలసింది ఒకటే: నీరు ఎటు నుంచి వస్తోంది, బయటికి పోయే దారి ఉందా?

గోడ అడుగున రంగు ఉబ్బుతోంది, తెల్లటి పొడి రాలుతోంది

అన్నిటికన్నా ఎక్కువగా కనిపించేది ఇదే. రంగు నాసిరకమని పెయింటర్‌ను తిట్టుకుంటారు కానీ తప్పు రంగుది కాదు. ఆ గోడలు ఇటుక, గానుగ సున్నంతో కట్టినవి. ఇటుక నేలలోని చెమ్మను పైకి పీలుస్తుంది. సున్నం పూత ఆ చెమ్మను గాలిలోకి వదిలేస్తుంది. మరమ్మతు పేరుతో దానిమీద సిమెంటు పూసి, పుట్టీ పెట్టి, ప్లాస్టిక్ పెయింటు వేస్తే చెమ్మకు బయటికి దారి ఉండదు. అది ఇంకా పైకి ఎక్కుతుంది. నీటితో వచ్చిన ఉప్పు పూత వెనక పేరుకుని, దాన్ని లోపలి నుంచి నెడుతుంది. పెచ్చులు ఊడేది అందుకే.

దీనికి తోడు అమ్మకానికని గోడనానుకుని వేసిన పూలపాదు ఒకటి. రోజూ పోసే నీళ్లలో సగం పునాదిలోకే పోతాయి. గోడ పక్కన మట్టి ఎగదోయడం వల్ల పునాది రాయి కూడా కప్పబడిపోతుంది. ఆ బంతి పూల వెనకే గోడ కుళ్లడం చూస్తే నాకు నిజంగా ప్రాణం ఉసూరుమంటుంది.

ముందు పాదును గోడకు కనీసం గజం దూరం జరపండి. గోడ వైపు ఎత్తుగా, వాకిలి వైపు వాలుగా నేలను సరిచేయండి. చెమ్మ ఎంత ఎత్తుకు ఎక్కిందో చూసి, దానికి ఒక అడుగు పైదాకా సిమెంటు పూత చెక్కించండి. చెక్కిన గోడను వెంటనే పూయకండి. సంక్రాంతి నుంచి ఆరనిచ్చి, ఏప్రిల్, మే నెలల్లో కాలువలకు నీళ్లు ఆపేశాక, ఒక పాలు సున్నం మూడు పాళ్లు ఇసుకతో పూయించి, పైన వెల్ల వేయించండి. దసరాకే అమ్మాలన్న తొందర ఉంటే చెక్కిన గోడను అలాగే చూపించి, విషయం చెప్పండి. సున్నం పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోతున్నారు. దొరికిన వారికి కూలి నాలుగు డబ్బులు ఎక్కువైనా ఇవ్వండి.

మండువాలో నీళ్లు నిలుస్తున్నాయి

నాలుగు వాలుల నీళ్లూ మండువాలో పడి, తూము గుండా వీధిలోకి పోవాలి. పోవడం లేదంటే తూములో చెత్త ఉండవచ్చు, లేదా కొత్త టైల్స్ వేసినప్పుడు దాని నోరు మూసేసి ఉండవచ్చు. ఒక వెదురు బద్దతో అది తెలిసిపోతుంది. అసలు చిక్కు మూడోది: సిమెంటు రోడ్డు మీద రోడ్డు వేస్తూ పోయేసరికి వీధి మండువా కన్నా ఎత్తయింది. అప్పుడు ఎంత శుభ్రం చేసినా వీధి నీళ్లే లోపలికి వస్తాయి. ఇంకుడు గుంత తవ్వమని సలహా ఇస్తారు. మెట్ట ఊళ్లలో అది మంచిదే. ఇక్కడ వానాకాలంలో నాలుగైదు అడుగులకే నీళ్లు పడే చోట గుంత తనంతట తానే నిండి ఉంటుంది. పెరట్లో పల్లం వైపు కొత్త కాలువ తీయించండి. అదీ కుదరకపోతే చిన్న సంపు కట్టి మోటారు పెట్టడమే దారి.

వాన పడకూడదని మండువా మీద ఫైబరు రేకు వేయించే వారున్నారు. ఆ ఇంట్లో వేడి, ఉక్క పెరుగుతాయి, గోడలు ఆరవు. తీసేయించండి. మండువా ఇల్లు కొనడానికి వచ్చేవారు చూసేది ఆ ఆకాశాన్నే.

కప్పు కారుతోంది

పగిలిన పెంకు కన్నా ముందు రెండు వాలులు కలిసే మూలల్లోని రేకును చూడండి. ఆకులు, కొబ్బరి పీచు పేరుకుని నీరు పెంకుల కిందికి మళ్లుతుంది. అక్కడి వాసాలు మెత్తబడ్డాయేమో స్క్రూడ్రైవరుతో గుచ్చి చూడాలి. పెంకు తిరగనేయించడం వానలకు ముందు చేయవలసిన పని. అక్టోబరు, నవంబరు తుపాన్ల కాలంలో మనుషులను కప్పు ఎక్కించవద్దు.

చామంతి ఏపుగా ఉంది కానీ మొగ్గ వేయడం లేదు

ఎరువులు మార్చి మార్చి విసిగిపోతారు. రాత్రి ఎనిమిదింటికి వాకిట్లోకి వచ్చి చూడండి: ఇల్లు అందంగా కనిపించాలని చూరుకు పెట్టిన లైటు మొక్కల మీదే పడుతూ ఉంటుంది. చామంతి పొద్దు తగ్గి రాత్రి పొడవైనప్పుడే మొగ్గ తొడుగుతుంది. రాత్రి మధ్యలో వెలుగు పడితే దాని లెక్కలో ఇంకా వేసవే. పూత ఆలస్యం కావాలనుకున్న రైతులు తోటల్లో బల్బులు వెలిగించేది ఇందుకే. లైటు తీసేయండి, లేదా కుండీలను పెరట్లో చీకటి మూలకు మార్చండి. కొన్ని వారాల్లో మొగ్గ కనిపిస్తుంది. వీధి దీపం పడే చోట చామంతి వద్దు, బంతి పెట్టండి.

బంతి కూడా ఆకులతోనే గుబురుగా ఉంటే యూరియా ఎక్కువైనట్టే. ఆపేసి, కాస్త బూడిద వేయండి. కార్తీకానికి పూలు కావాలంటే శ్రావణంలోనే నారు పోయాలి: నారుకు మూడు నాలుగు వారాలు, నాటాక పూతకు దాదాపు యాభై రోజులు పడుతుంది.

నర్సరీ నుంచి తెచ్చిన మొక్క వారంలో వాడిపోయింది

కడియం, కడియపులంక నర్సరీల్లో మొక్క నీడలో, తేలిక మట్టిలో పెరుగుతుంది. మన వాకిట్లో బంక నేల, నిలిచిన నీరు. వాడింది కదా అని ఇంకా నీళ్లు పోస్తే వేరు కుళ్లుతుంది. వేలు దించి చూసి, తడి ఉంటే పోయకండి. మట్టిలో ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపి, జానెడు ఎత్తు బోదె మీద సాయంత్రం పూట నాటండి. కొబ్బరి పొట్టు కలిపేటట్టయితే ముందు మంచినీళ్లలో బాగా కడగాలి, దానిలో ఉప్పు ఉంటుంది.

ఆకుల అంచులు మాడుతున్నాయి

సఖినేటిపల్లి, అంతర్వేది వైపు, రొయ్యల చెరువులు దగ్గరున్న ఊళ్లలోనూ ఇది నూతి నీటి ఉప్పే. మండువాలో పడే వాన నీటిని గంగాళాల్లో పట్టి పోయండి. కుదరని చోట గన్నేరు, బిళ్లగన్నేరు తట్టుకుంటాయి.

చూసి వెళ్లిన వాళ్లు మళ్లీ రావడం లేదు

ధర ఎక్కువని అనుకుంటారు. చాలాసార్లు కారణం కాగితాలు. తాతల నాటి ఇల్లు ఒక్కరిది కాదు. 2005 హిందూ వారసత్వ చట్ట సవరణ తర్వాత ఉమ్మడి ఆస్తిలో ఆడపిల్లలకు కొడుకులతో సమాన హక్కు ఉంది. అక్కచెల్లెళ్ల సంతకాలు లేకుండా తెలివైనవాడు ఎవడూ బయానా ఇవ్వడు. స్థలం గ్రామకంఠమైతే (ఊళ్లో ఇళ్ల కోసం వదిలిన నేల అయితే) ఇంటి పన్ను రసీదులు, పాత దస్తావేజులు వరుసగా పెట్టుకోండి. కంప్యూటర్‌లో వచ్చే ఈసీ (ఆ ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్లు, తాకట్లు చూపే పత్రం) 1983 నుంచే ఉంటుంది. అంతకు ముందుది రిజిస్ట్రేషన్ కార్యాలయంలో విడిగా అడిగి తీసుకోవాలి. 1986 ఆగస్టు వరదకు నీరు ఏ మెట్టు దాకా వచ్చిందో, 1996 నవంబరు తుపానుకు కప్పు ఎంత పోయిందో కొనేవారు ఇరుగుపొరుగును అడుగుతారు, కాబట్టి మీరే ముందు చెప్పండి. చెమ్మ పట్టిన గోడకు బీరువా అడ్డం పెట్టకండి. బయానా తీసుకున్నాక అది బయటపడితే బేరం అక్కడితో ఆగుతుంది.